బుగ్తోన్ దీవికి మొదటి బహుమతి

బుగ్తోన్ దీవిలో ఎవరికి రక్తపోటు ఉందో చెప్పేది మెడ. మెడ వెనక పట్టేసి, కళ్ళు బైర్లు కమ్మితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఉన్నరోజున కొట్టుకి వెళ్ళి విడిగా ఒక బిళ్ళ కొనుక్కుంటారు. సగానికి విరిచి మింగి, మిగతా సగం మరో రోజుకని దాచుకుంటారు. అది రోజూ వేసుకోవలసిన మందని క్రిసాంటా చెప్పని గడప లేదు. ఆవిడ ఆ దీవికి ఆరోగ్య కార్యకర్త. జీతం లేదు, ఒక చొక్కా, ఒక బీపీ మిషను, క్రిస్మస్‌కి ఒక బియ్యం సంచీ, అంతే. ఆవిడ చెప్తుంటే అందరూ బుద్ధిగా తలలు ఊపేవారు. తల ఊపడానికి మందు కొనక్కర్లేదు కదా.

ఆవిడ భర్త తియోపిస్తో. దీవంతా పిస్తో అంటుంది. కిందటి తుపాన్ల కాలంలో వల లాగుతూ లాగుతూ పడవలోనే కూలబడ్డాడు. ఎడమ చెయ్యి వేలాడిపోయింది, మూతి ఒక పక్కకి పోయింది. బతికి బయటపడ్డాడు గాని మాట ముద్దగా వస్తుంది. "ఇంకోసారి వస్తే ఇలా ఇంటికి పంపలేం, బిళ్ళ ఒక్కరోజు కూడా ఆగకూడదు" అన్నాడు పట్నం డాక్టరు. బిళ్ళలిచ్చే ఆరోగ్య కేంద్రం సముద్రానికి అవతల ఉంది. పడవలో డీజిలు పోసుకుని, రోజంతా పోగొట్టుకుని వెళ్తే, నాలుగుసార్లలో మూడుసార్లు "స్టాకు లేదు, వచ్చే వారం రండి" అంటారు. ఈశాన్యపు గాలి మొదలైతే ఆ వెళ్ళడం కూడా ఉండదు. దొరికినప్పుడల్లా ఒకటీ రెండూ మిగిల్చి, గాలి రోజులకని పాలడబ్బాలో దాచింది క్రిసాంటా. ఆవిడకి ప్రాణం పిస్తోలో ఉంటే, పిస్తో ప్రాణం ఆ డబ్బాలో ఉంది.

అలాంటి రోజుల్లో ఒక తెల్ల చొక్కా పిల్ల దీవికి వచ్చింది. పేరు జోవెలిన్, నర్సు. సెబూ నగరంలో పెద్ద కాలేజీవాళ్ళు చేయిస్తున్న పరిశోధనకి వచ్చానంది. బాస్కెట్‌బాల్ ఆడే రేకుల కప్పు కింద అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"పిల్లలకి టీకాలకి ఎవరో ఒకరు వస్తున్నారు, కడుపుతో ఉన్నవాళ్ళకీ వస్తున్నారు. నలభై దాటిన మీలాంటివాళ్ళని ఎవరూ పట్టించుకోవట్లేదు. నెల నెలా ఒక పడవలో నర్సూ మందులూ వస్తే మీ ఆరోగ్యం ఎంత మారుతుందో చూడాలని మా డాక్టరుగారి ఆలోచన. రెండేళ్ళు వస్తుంది. కాకపోతే ఇప్పటికి పడవ ఒక్కటే ఉంది. ఈ తీరంలో అన్ని దీవులూ తిరుగుతాం, అందరి బీపీ, సుగరు చూస్తాం. చూశాక, పడవ ఏ దీవికో నిర్ణయిస్తాం."

అందరూ తలలు ఊపారు. ఏం చూసి నిర్ణయిస్తావమ్మా అని ఒక్కడూ అడగలేదు. అతిథిని గుచ్చి గుచ్చి అడగడం ఆ దీవిలో మర్యాద కాదు. మర్యాద కొంపలు ముంచుతుందని మనకి తెలుసు గాని, మునిగేటప్పుడు తెలీదు.

జోవెలిన్ పడవ కనుమరుగు కాకముందే, "అయితే పోటీయే," అన్నాడు వెన్సెస్లావ్. ఆయన ఆ దీవికి కపితాన్, అంటే ఊరి పెద్ద.

"ఏం పోటీ, కపితాన్? బీపీలో ఎవరు ఫస్టొస్తారనా?" అంది క్రిసాంటా పక్కింటి లిబ్రాడా. అక్కడ అక్క వరసవాళ్ళని నాంగ్ అంటారు, అన్న వరసవాళ్ళని నోంగ్.

"నవ్వకు, నాంగ్. దీవి మొత్తం ఆరోగ్యంగా ఉందనిపిస్తే పడవ మనది. పక్క దీవి మాన్లోట్‌వాళ్ళకి వస్తుందా, చెప్పు. పొద్దున లేస్తే కల్లుకుండలో మొహం కడుక్కునే రకాలు."

ఆయన్ని తప్పుపట్టలేం. ఆ తీరంలో ఏది రావాలన్నా పోటీ మీదే వస్తుంది. శుభ్రమైన దీవికి బహుమతి, అందమైన క్రిస్మస్ లాంతరుకి బహుమతి, ఇంటింటికీ మరుగుదొడ్డి ఉన్న దీవికి బహుమతి. మరుగుదొడ్ల పోటీ నాడు బుగ్తోన్‌లో తెల్ల పింగాణీ బేసిను ఒక్కటే ఉండేది. న్యాయనిర్ణేతలు ముందు గుమ్మంలో నడుస్తుంటే, లిబ్రాడా బట్టలుతికే తొట్టిలో ఆ బేసిను పెరటిదారిన వాళ్ళకంటే ముందు నడిచింది. ఒక ఇంట్లో కనబడి పక్కింటికి పరిగెత్తేది. ఆ రోజు గెలుచుకున్న ట్యాంకు నీళ్ళే దీవి ఇప్పటికీ తాగుతోంది. అలాంటప్పుడు మోసం తప్పని వాళ్ళకి ఏ నోటితో చెప్తాం?

ఇంటికొచ్చి క్రిసాంటా ఈ సంగతంతా చెప్తే, పిస్తో చాలాసేపు నోరు కూడదీసుకున్నాడు.

"మందు... జబ్బోళ్ళకి... కదా ఇస్తారు?"

"నీకేం తెలుసు, ఊరుకో. మురికి దీవికి ట్యాంకిచ్చారా? చదవనోడికి స్కాలర్‌షిప్ ఇచ్చారా? బాగుండి చూపిస్తేనే ఎవరైనా ఇచ్చేది."

పిస్తో మళ్ళీ మాట్లాడలేదు. మాట్లాడాలంటే కష్టం, పైగా ఆరోగ్యం సంగతులు ఆవిడకి తెలుసు, తనకి తెలియవు. ఆ ఇంట్లో అది ఎప్పుడో ఒప్పుకున్న విషయం.

జోవెలిన్ మళ్ళీ వచ్చే తేదీ తెలిశాక దీవిలో పెళ్ళి పనుల్లాంటి హడావిడి మొదలైంది. ఎండుచేపలు అటకెక్కాయి. గినమోస్ జాడీలకి, అదే ఉప్పులో ఊరబెట్టిన చేపల ముద్దకి, మూతలు బిగించి గుడ్డలు కట్టారు. ఉప్పు లేని మొక్కజొన్న నూక మింగలేక మగవాళ్ళు లబోదిబోమన్నారు. కల్లు గీసే కూలాస్ చెట్టెక్కకుండా చూసే పని కపితాన్ స్వయంగా పెట్టుకున్నాడు.

"నేను దించకపోతే చెట్టుకి ఎక్కుతుంది నాంగ్, బీపీ," అన్నాడు కూలాస్, క్రిసాంటాతో.

"ఎక్కనీ. చెట్టుని కొలవరు."

తర్వాత బిళ్ళల పని. ఎవరెవరి ఇంట్లో ఏమేం దాచారో అన్నీ తెమ్మంది. సగాలు, పావులు, తేమకి పొడైనవి, చచ్చిపోయిన అత్తగారివి, అన్నీ తెచ్చి ఆవిడ ముందున్న గిన్నెలో పోశారు. ఎవరికి పోటు ఎక్కువో ఆవిడకి తెలుసు గనక వాళ్ళకి వరసగా మూడు రోజులు పంచాలి. గిన్నె చాలలేదు. అందరూ ఆవిడ మొహంలోకి చూశారు. ఊరంతా ఉన్నదంతా తెచ్చి పోసినచోట కార్యకర్త తన డబ్బా దాచుకుని కూర్చుంటే రేపు ఎవరి మొహం చూస్తుంది? క్రిసాంటా లేచి ఇంటికి వెళ్ళి పాలడబ్బా తెచ్చింది. గిన్నెలో బోర్లించింది. నెల నెలా పడవే వస్తుంటే ఇక దాచుకోవలసిన అవసరం ఏముందని తనకి తనే చెప్పుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. జోవెలిన్‌వాళ్ళు రాకముందే, పొద్దున్నే క్రిసాంటా తన మిషనుతో ఒక్కొక్కర్నీ చూసింది. చాలామందికి దిగింది. కొందరికి ఏం చేసినా దిగలేదు. సుగరుతో కాలు పుండైన కూలాస్ అత్తగారు, కళ్ళు పోయిన లిబ్రాడా తమ్ముడు, ఇంకా అలాంటివాళ్ళు. వాళ్ళని దాచడానికి దీవిలో చోటు లేదు, అరచేతంతే ఉంటుంది. ఆటు సమయంలో ఉత్తరాన తేలే ఇసుక తిన్నె మీదికి పడవలో పంపెయ్యాలని కపితాన్ ముందే అనుకున్నాడు. సముద్రం పోటెక్కేలోగా తెచ్చుకోవచ్చు.

పిస్తో చేతికి క్రిసాంటా మిషను పట్టా చుట్టి గాలి కొట్టింది. విప్పి మళ్ళీ చుట్టింది. గాభరాకో, ఆ గందరగోళానికో, బిళ్ళ వేసుకున్నా కూడా దిగలేదు. కపితాన్ పక్కనే నిలబడి చూశాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే క్రిసాంటాకి ఎక్కువైంది.

"నువ్వూ పడవెక్కు," అంది.

"నా... కోసమే... కదా ఇదంతా."

"నీకోసమే. అందుకే వెళ్ళు."

వెళ్ళాడు. కుంటివాళ్ళూ గుడ్డివాళ్ళూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని పడవెక్కారు. లిబ్రాడా తమ్ముడైతే, "విందుకి వెళ్తున్నామా, శవయాత్రకా?" అని అడిగాడు.

జోవెలిన్ బృందం ఆ రోజంతా ఆశ్చర్యపోతూనే ఉంది. వరసలో కూర్చున్నవాళ్ళంతా తలలు దువ్వుకుని, చర్చికి వెళ్ళే బట్టలు వేసుకుని ఉన్నారు. పోటు లేదు, సుగరు లేదు. పక్షవాతం ఎవరికైనా వచ్చిందా అంటే రాలేదు. మందులకి ఇబ్బంది పడుతున్నారా అంటే లేదు, దేవుడి దయవల్ల బాగున్నాం. మధ్యాహ్నం కోడి చంపి పెట్టారు. పెట్టినవాళ్ళు ఉప్పు లేని నూక తిన్నారు.

"ఆ దూరాన ఇసుకమీద ఎవరు నాంగ్? ఎండలో కూర్చున్నారు," అంది జోవెలిన్, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని.

"పీతలు పట్టేవాళ్ళు," అంది క్రిసాంటా. తడుముకోలేదు.

సాయంత్రం వాళ్ళని తెచ్చేసరికి పోటునీళ్ళు మోకాళ్ళకి వచ్చాయి. కాలి పుండు ఉన్న ముసలామెని ఎత్తుకుని నిలబడ్డాడు పిస్తో, ఉన్న ఒక్క చేత్తో. ఆ రాత్రి అతని కాళ్ళు పడుతూ క్రిసాంటా, "ఇంక నీకు దిగుల్లేదు. పడవొస్తుంది," అంది.

గాలి మొదలయ్యే ముందు జోవెలిన్ మళ్ళీ వచ్చింది. చేతిలో అద్దం కట్టిన ప్రశంసాపత్రం ఉంది. అందరూ రేకుల కప్పు కింద చేరారు. ఈసారి ఇసుక తిన్నెవాళ్ళు కూడా వచ్చి వెనక నిలబడ్డారు, గెలిచేశాక ఇంక దాక్కోవడం దేనికని.

"ఈ తీరంలో పెద్దవాళ్ళు ఇంత ఆరోగ్యంగా ఉన్న దీవి ఇంకొకటి లేదు," అంది జోవెలిన్. "మేం చూసినవాటిలో బుగ్తోన్ మొదటిది."

రేకులు ఎగిరిపోయేలా చప్పట్లు మోగాయి. లిబ్రాడా లేచి గిరగిరా తిరిగింది. కూలాస్ అప్పుడే తాడు భుజాన వేసుకుని చెట్లవైపు బయల్దేరాడు. కపితాన్ ఆ పత్రాన్ని రెండు చేతులా అందుకుని, శిలువని ఎత్తినట్టు ఎత్తి చూపించాడు. క్రిసాంటాకి కళ్ళనీళ్ళు ఆగలేదు. గుంపులో పిస్తోని వెతికి పట్టుకుని, తన బుద్ధే గెలిచిందన్నట్టు చూసింది.

"పడవ ఎప్పట్నించి వస్తుంది, దాయ్?" అని అడిగాడు కపితాన్. దాయ్ అంటే చిన్నదానా, తల్లీ అని.

జోవెలిన్ నవ్వు సగంలో ఆగింది. "పడవ మాన్లోట్‌కి కదా, కపితాన్. అక్కడ ప్రతి ఇద్దరిలో ఒకరికి పోటు ఉంది. తాగుడు, ఉప్పు, ఒక్కడూ మందు వేసుకోడు. మందులు వాళ్ళకి కావాలి. మీకు అవసరం లేదని తేలింది, అదృష్టవంతులు."

ముందున్నవాళ్ళు నిశ్శబ్దమైపోయారు. వెనక ఉన్నవాళ్ళకి వినపడక ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. వాళ్ళలో కళ్ళులేని లిబ్రాడా తమ్ముడు అందరికంటే ఆఖర్న ఆపాడు.

మాన్లోట్‌వాళ్ళు ఏ ఏర్పాటూ చేసుకోలేదు. చేసుకునే ఓపిక వాళ్ళకి లేదు. నర్సు వచ్చిన రోజున కూడా తాగే ఉన్నారట. బద్ధకమే వాళ్ళని బతికించింది. కష్టపడినవాళ్ళ కంచంలో మట్టి పడింది. ఇలాంటి న్యాయం చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఎవరిమీద మండాలో తెలియకపోవడమే మరీ కష్టం.

జోవెలిన్ తిరిగి పడవెక్కి బయల్దేరుతుంటే క్రిసాంటా రేవు దాకా పరిగెత్తి, నీళ్ళలో దిగి పడవ అంచు పట్టుకుంది.

"దాయ్, ఆగు. అదంతా అబద్ధం. మేం చూపించినదంతా అబద్ధమే." పడవ కొయ్య వదలకుండానే అంతా చెప్పేసింది. గిన్నె, బిళ్ళలు, ఇసుక తిన్నె. "వాళ్ళు పీతలు పట్టేవాళ్ళు కాదు. వాళ్ళే జబ్బోళ్ళు. వాళ్ళలో మా ఆయన ఉన్నాడు. ఇప్పుడు మా ఇంట్లో ఒక్క బిళ్ళ లేదు."

జోవెలిన్ మొహం పాలిపోయింది. "ఎందుకు నాంగ్? ఎందుకు చేశారిలా?"

"గెలుద్దామని."

ఆ పిల్ల పడవ దిగి ఇసుకలో కూర్చుండిపోయింది. కాసేపటికి ఫోను తీసి, సెబూలో ఉన్న పెద్ద డాక్టరుకి చేసింది. ఆమె పేరు అల్కొసేబా. అవతలి మాట క్రిసాంటాకి కూడా వినపడేలా పెట్టింది. డాక్టరమ్మ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"ఒక దీవిని మళ్ళీ కొలిస్తే అన్నిటినీ మళ్ళీ కొలవాలి, జోవెలిన్. పైగా ఎటు మొగ్గితే పడవ వస్తుందో ఇప్పుడు వాళ్ళకి తెలిసిపోయింది. ఈసారి వచ్చే అంకెల్ని ఎలా నమ్మమంటావు? తప్పు అంకె ఒకటి దూరితే మిగతావన్నీ పాడవుతాయి. ఆ నష్టం ఈ దీవికే కాదు, ఇలాంటి దీవులన్నిటికీ."

"ఇక్కడ మనుషులు ఉన్నారు, డాక్టర్."

డాక్టరమ్మ కొంచెం తగ్గింది. "చెప్పకుండా వెళ్ళి ఒకసారి చూసి రా. పడవ మారదు. రెండో పడవకి డబ్బు అడిగేటప్పుడు చూపించడానికి పనికొస్తే పనికొస్తుంది. మాట మాత్రం ఇవ్వకు."

జోవెలిన్ ఫోను పెట్టేసి, తన సంచీలోంచి బిళ్ళల పొట్లం తీసి క్రిసాంటా చేతిలో పెట్టింది. వాళ్ళ నాన్నకి కొన్నవట. "నోంగ్‌కి రోజూ వెయ్యండి, ఒక్కరోజు తప్పొద్దు. వచ్చే వారం వస్తాను. ఈసారి ఎవరికీ చెప్పకండి. ఎలా ఉన్నవాళ్ళని అలాగే చూడాలి."

క్రిసాంటా మాట నిలబెట్టుకుంది. కపితాన్ అడిగినా చెప్పలేదు, లిబ్రాడా తిట్టిపోసినా చెప్పలేదు. దీవంతా ఆవిడనే అంటోంది. "పోనీ మనం చదువుకోనివాళ్ళం. మిషను మెళ్ళో వేసుకు తిరిగేదానికి ఆ మాత్రం తెలీదా?" అని నీళ్ళ ట్యాంకు దగ్గర మొహం మీదే అనేవారు. అన్నీ పడింది. పిస్తోకి ఒక్కడికే చెప్పింది, ఈసారి అతను వరసలో ఉండాలి గనక.

"ఈసారి నిన్ను ఎక్కడికీ పంపను. అందరికంటే ముందు కూర్చో."

"ఎంత... రావాలి?"

"ఎంత ఉంటే అంత. నువ్వు ఆ రోజే చెప్పావు, మందు జబ్బోళ్ళకి కదా అని. నేనే వినలేదు. రెండో పడవ వస్తే ఎక్కువ ఉన్నవాళ్ళకేనట."

పిస్తో మొహం వెలిగింది. ఆ ఇంట్లో చాలా కాలానికి అతని మాట నిజమైంది. క్రిసాంటా ఆ వెలుగు చూసి సంతోషించింది, దాని వెనక ఏముందో చూడలేదు. రోజూ పొద్దున్నే బిళ్ళ అతని చేతిలో పెట్టి, నీళ్ళగ్లాసు పక్కన పెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. అతను నోట్లో వేసుకోవడం కనబడేది.

అన్నమాట ప్రకారం జోవెలిన్ చెప్పకుండా దిగింది. దీవి దీవిలాగే ఉంది. మగవాళ్ళు కల్లు ముంతల దగ్గర, ఆడవాళ్ళు ఎండుచేపల దగ్గర. దాచుకున్న బిళ్ళలన్నీ అయిపోయి చాలా రోజులైంది. అందర్నీ రేకుల కప్పు కిందికి పిలిచారు. ఒక్కొక్కరికీ పట్టా చుట్టేకొద్దీ జోవెలిన్ పెదవి కొరుక్కుంటోంది. ఆరోగ్యమైన దీవి పేకమేడలా కూలిపోతోంది.

అంకె పెద్దదైతే మంచిదన్న సంగతి జనానికి చిటికెలో ఎక్కింది.

"నాదెంత దాయ్?" అన్నాడు కూలాస్. చెప్పగానే చేతులు ఎత్తాడు. "చూశారా. లిబ్రాడా కంటే ఎక్కువ."

"నీది కల్లుది. నాది పుట్టుకతో వచ్చింది," అంది లిబ్రాడా.

"ఇది పోటీ కాదు," అంది జోవెలిన్. ఎవరూ వినలేదు.

పిస్తో వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. చర్చికి వేసుకునే చొక్కా వేసుకున్నాడు. కుడిచెయ్యి చాపి, ఆ పిల్లకి దగ్గరగా వంగి, రహస్యం చెప్తున్నట్టు చెప్పాడు. గొప్పగా చెప్పాడు.

"నేను... వేసుకోలా. వారం... నించి. నాలిక కింద పెట్టి... ఉమ్మేశా. గినమోస్... తిన్నా. రోజూ."

క్రిసాంటా పక్కనే ఉంది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని భుజం పట్టుకుంది.

"ఎందుకు పిస్తో?" అంది.

"ఇసుక మీద... కూర్చోబెట్టావుగా. ఈసారి... నేను కూడా... పనికిరావాలి."

జోవెలిన్ అప్పటికే గాలి కొట్టింది. అంకె ఆగాక ఇంకోసారి కొట్టి చూసింది. ఆ పిల్ల చెప్పకపోయినా, వెనకనించి మెడ చాచిన కూలాస్ చదివేశాడు.

"మన పిస్తో ఫస్టు," అన్నాడు.

చప్పట్లు మొదలయ్యాయి. ఈర్ష్య లేని చప్పట్లు, నిజంగా సంతోషించి కొట్టినవి. పిస్తో నవ్వాడు. పక్షవాతం వచ్చాక అతను సగం మూతితోనే నవ్వుతాడు, ఆ సగం నవ్వు దీవికి అలవాటే. ఆ సగం కూడా నెమ్మదిగా జారిపోవడం ముందు జోవెలిన్ చూసింది. "ఆపండి," అంది. చాపిన కుడిచెయ్యి బల్ల మీంచి కిందికి వేలాడింది. అతను పక్కకి ఒరిగితే క్రిసాంటా పట్టుకుంది, పట్టా ఇంకా చేతికి అలాగే ఉంది.

జోవెలిన్ వచ్చిన పడవలోనే ఎక్కించారు. కూలాస్ ఇంజను దగ్గర కూర్చున్నాడు. గాలి ఎదురుగా ఉంది, కెరటం పడవ ముక్కు మీద విరిగి అందర్నీ తడుపుతోంది. క్రిసాంటా ఒళ్ళో పిస్తో తల ఉంది. జోవెలిన్ ఫోనులో పట్నం ఆసుపత్రికి చెప్తోంది, వినపడక మళ్ళీ మళ్ళీ చెప్తోంది.

మాన్లోట్ పక్కనుంచి పోవాలి. ఆ రేవులో కొత్త తెల్ల పడవ ఒకటి కట్టేసి ఉంది. దాని చుట్టూ జనం కబుర్లాడుతూ వరసలో నిలబడ్డారు. క్రిసాంటా అది చూసి కూలాస్ మోకాలు పట్టుకుంది.

"తిప్పు. అక్కడికి తిప్పు. మందుల పడవ అదే."

కూలాస్ జోవెలిన్ వైపు చూశాడు.

"తిప్పొద్దు," అంది జోవెలిన్. "అందులో ఉన్నవి రోజూ వేసుకునే బిళ్ళలు, నాంగ్. ఇప్పుడు వాటితో ఏమీ కాదు."

క్రిసాంటాకి అరవాలనిపించింది. ఆ పడవ ఎవడిక్కావాలి, ఎన్నడైనా నేను పడవ కోసం ఏడ్చానా, ఈయన కోసం కదా అని. అరిచినా వినడానికి ఎవరున్నారు? పిస్తోని లెక్కలోంచి తీసేసింది తనే. మళ్ళీ లెక్కలోకి రావాలని అతను పడ్డ ఆరాటం తనకి కనబడలేదు. చేతులారా చేసుకున్నదానికి ఏ శాపనార్థం పెడుతుంది, ఎవరికి పెడుతుంది?

పిస్తో కళ్ళు తెరిచాడు. క్రిసాంటాని కాదు, జోవెలిన్‌ని చూస్తున్నాడు. చెయ్యి పైకి రాక వేళ్ళు మాత్రం పడవ చెక్క మీద పాకాయి. జోవెలిన్ వంగి ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"స... స..." అన్నాడు. ఇక రాలేదు.

"ఏమంటున్నారు?" అంది జోవెలిన్.

క్రిసాంటాకి తెలుసు. ఆ ముద్ద మాటల్ని విడదీయడం ఆ దీవిలో ఆవిడ ఒక్కదానికే వచ్చు. చెప్పకూడదనుకుంది, కాని అది అతని ఆఖరి మాటయితే మింగెయ్యడానికి తనకేం హక్కుందనిపించింది.

"సరిపోయిందా అని అడుగుతున్నాడు. తన అంకె."

జోవెలిన్ ఆవిడ మొహంలోకి చూసింది. డాక్టరమ్మ మాట ఇవ్వద్దంది. పడవ మారదని ఇద్దరికీ తెలుసు. తప్పు అంకె ఒకటి దూరితే అన్నీ పాడవుతాయన్న మాట ఇద్దరూ కలిసే విన్నారు. కెరటం ఒకటి విరిగి ముగ్గురి మీదా పడింది. ఆ పిల్ల మొహం తుడుచుకోలేదు.

"సరిపోయింది, నోంగ్," అంది. "పడవ మీ దీవికే. మీవల్లే వస్తోంది."

పిస్తో ఆ మాట విన్నాడో లేదో క్రిసాంటాకి తెలియలేదు. కళ్ళు మూసుకున్నాడు. పట్నం రేవు ఇంకా కనబడలేదు. కాసేపటికి అతని చెయ్యి జోవెలిన్ చేతిలోంచి జారి చెక్క మీద పడింది. క్రిసాంటా దాన్ని తీసి, మళ్ళీ ఆ పిల్ల చేతిలోనే పెట్టింది.